నలభై ఒకటో కొలత

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం హారిక ఆడిన అబద్ధం చాలా చిన్నది. "చూశాను అంకుల్" అంది. అంతే.

ఆ మాట అన్నది డునెడిన్‌లో, కొండమీది బ్రాక్‌విల్ పేటలో, గోవింద్ గరాజ్‌లో నిలబడి. గోవింద్ ఫిజీలో పుట్టిన తెలుగువాడు. ఆయన తాత గిరిమిట్ అనే కూలి ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేసి చెరకు తోటల పనికి ఓడెక్కినవాడు. గోవింద్ అక్కడి లంబాసా నుంచి ముప్పై ఏళ్ల క్రితం ఇక్కడికి వచ్చి, ఆస్పత్రిలో రోగుల మంచాల్ని వార్డు నుంచి వార్డుకు తోసే పని చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు అరవై తొమ్మిదేళ్లు. హారికది ఒంగోలు. చదువుకోవడానికి వచ్చి, చదువయ్యాక అదే ఆస్పత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షల ఉద్యోగంలో చేరింది. ఒకరోజు కారిడార్‌లో ఫోన్‌లో వాళ్లమ్మతో మాట్లాడుతుంటే, ఖాళీ మంచం తోసుకుపోతున్న ఒక పెద్దాయన ఆగి, "నువ్వు తెలుగు బిడ్డవా?" అన్నాడు. పరిచయం అలా మొదలైంది.

హారిక కుదురుగా కూర్చోలేని మనిషి. సినిమా మధ్యలో లేచిపోతుంది. బస్సు కోసం ఆగాల్సొస్తే తర్వాతి స్టాపు దాకా నడిచేస్తుంది. అలాంటి పిల్లని గోవింద్ ఒక శనివారం వేటకి వెంట తీసుకెళ్లాడు. ఆరు గంటలు కొండలెక్కి దిగి, ఒక్క జంతువు కూడా కనబడకుండా తిరిగొచ్చిన ఆ రోజు రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది. ఆ తర్వాత పరీక్ష రాసింది, పోలీసు అధికారి ఇంటికొచ్చి అడిగినవాటికి జవాబులు చెప్పింది, తుపాకి లైసెన్సు తెచ్చుకుంది.

గోవింద్‌ది లివర్ లాగి తూటా ఎక్కించే పాత రైఫిల్. దానికి తూటాలు ఆయన కొనడు, తయారు చేసుకుంటాడు. టైర్ల షాపులో చక్రాల నుంచి పీకేసిన సీసం ముక్కలు తెచ్చి, గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తిపెట్టి, ముక్కుకి మాస్కు కట్టుకుని కరిగిస్తాడు. కరిగిన సీసాన్ని గరిటెతో ఇనుప అచ్చులో పోసి గుండ్లు తీస్తాడు. వాటికి మైనం పూస్తాడు. ఇదివరకు పేల్చిన ఇత్తడి తొడుగుల్లో కొత్తగా తుపాకి మందు కొలిచి పోసి, పైన గుండు బిగిస్తాడు. హారిక రెండేళ్లుగా పక్కన నిలబడి సీసం పోసేది, మైనం పూసేది. మందు మాత్రం ఆయనే పోసేవాడు. ఆ శుక్రవారం మొట్టమొదటిసారి, "ఇవాళ మందు నువ్వే పొయ్యి బేటీ" అన్నాడు.

ఆమెకి ఎంత సంబరమైందంటే, ఎందుకని అడగాలనే తోచలేదు.

మెత్తటి సీసం గుండుకి మందు తక్కువే కావాలి. తొడుగులో సగం కూడా నిండదు. చిక్కంతా అక్కడే. పొరపాటున ఒకదాంట్లో రెండు కొలతలు పడినా పైకి పొంగిరాదు, చేతికి బరువు తెలీదు. అలాంటి తూటా పేలిస్తే రైఫిల్ పేల్చినవాడి మొహం దగ్గరే బద్దలైపోవచ్చు. అందుకే గోవింద్‌కి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, పెద్ద డబ్బాలోంచి సరిగ్గా యాభై కొలతల మందు తూచి చిన్న సీసాలో పోసుకుని, డబ్బా మూసేయడం. రెండు, తొడుగులన్నీ చెక్క పలకలో వరసగా నిలబెట్టి మందు పోశాక, గుండు బిగించే ముందు టార్చి వేసి ఒక్కొక్కదాని లోపలికీ చూడటం. అన్నిట్లోనూ మందు ఒకే ఎత్తులో కనబడాలి.

హారిక మూడో వరసలో ఉండగా ఫోన్ మోగింది. ల్యాబ్ నుంచి. శనివారం ఎవరో రావట్లేదట, వస్తావా అని. ఇప్పటికే నాలుగు వారాంతాలు చేశానని ఆమె, ఈ ఒక్కసారికే అని వాళ్లు. ఐదు నిమిషాలు వాదించి, రానని చెప్పేసి, చిరాకుగా బల్ల దగ్గరికొచ్చి ఆపినచోటు నుంచే మళ్లీ మొదలుపెట్టింది. ఆపినచోటు అనే అనుకుంది. నలభై తొడుగులు అయ్యాయి. ఆ చిరాకులోనే గుండ్లు బిగించడం మొదలుపెట్టేసింది. పది బిగించాక టార్చి సంగతి గుర్తొచ్చింది. బిగించినవాటిలోకి ఇక చూడటం కుదరదు, మళ్లీ విప్పాలి. మిగిలినవాటినైనా చూడచ్చు. చూడలేదు. బాగానే పోశాన్లే అనుకుంది.

అంతా అయ్యాక గోవింద్ లోపలికొచ్చాడు. "అయిపోయినాదా? టార్చి వేసి అన్నిట్లోకీ చూసినావా?"

"చూశాను అంకుల్."

ఆయన నలభై తూటాల్నీ రెండు డబ్బాల్లో ఇరవై చొప్పున సర్ది, ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

శనివారం తెల్లారకముందే గోవింద్ కొడుకుతో వేటకి బయల్దేరాడు. కొడుకు ప్రీతేశ్ ఆక్లండ్‌లో, హెండర్సన్‌లో ఉంటాడు, ఎలక్ట్రీషియన్. పదిహేనేళ్ల వయసులో తండ్రి వెంట కొండలకు వెళ్లడం మానేశాడు. ఇరవై ఏళ్ల తర్వాత తండ్రి ఫోన్ చేసి ఈస్టర్‌కి రా, ఇద్దరం వెళదాం అంటే విమానమెక్కి వచ్చాడు. అతనికి లైసెన్సు లేదు. తండ్రి పక్కనే ఉండి పేల్పిస్తాడు.

హారిక ఏడింటికి లేచింది. కాఫీ పెట్టుకుని తాగకుండా వదిలేసింది. బట్టలు మెషిన్‌లో వేసింది, తీసి ఆరేసింది, ఎండ లేదని లోపలికి తెచ్చింది. రోస్లిన్ మెట్ల దారి వెంట పైదాకా నడిచి, అక్కడ ఒక్క నిమిషం కూడా నిలబడకుండా దిగొచ్చింది. ఫోన్ వచ్చినప్పుడు మందు పోసే గరాటు ఏ తొడుగు మీద ఉంది? పోశాక ఫోన్ ఎత్తిందా, పోయకముందా? కళ్లు మూసుకుంటే చెయ్యి కనబడుతోంది, గరాటు కనబడుతోంది. ఏ తొడుగో మాత్రం తెలియట్లేదు.

అప్పుడు చిన్న సీసా గుర్తొచ్చింది. యాభై కొలతల్లో నలభై పోతే పది మిగలాలి. మిగిలిన మందు పెద్ద డబ్బాలో తిరిగి పోయలేదు. సీసా మూత పెట్టి బల్ల వెనక చెక్కపెట్టెలో పెట్టింది.

తొమ్మిదిన్నరకి బ్రాక్‌విల్‌లో తలుపు కొట్టింది. గోవింద్ భార్య శివ్‌కుమారి తలుపు తీసింది. చేతికి పిండి అంటుకుని ఉంది.

"ఏం తల్లీ, ఈ పొద్దున్నే? వాళ్లు పోయినారు కదా."

"గరాజ్‌లో ఒకటి చూడాలి ఆంటీ. ఒక్క నిమిషం."

చిన్న త్రాసు బల్లమీదే ఉంది. హారిక సీసాలో మందు గిన్నెలో పోసి తూచింది. అంకె చూసింది. గిన్నె తీసి, సున్నా చేసి, మళ్లీ తూచింది. మూడోసారి ఒక్కో కొలతా విడివిడిగా తీసి పక్కన పెట్టింది. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది. పదోది లేదు.

బల్లమీద పరిచిన తెల్లకాగితం పైకెత్తి చూసింది. మోకాళ్లమీద కూర్చుని నేలంతా వెతికింది. ఒక్క పలుకు కూడా ఒలికి లేదు. ల్యాబ్‌లో రోజంతా చేసే పని ఇదే. ఎక్కడ తేడా వస్తే అక్కడ తప్పు ఉందని అర్థం. నలభై తొడుగుల్లోకి నలభై ఒక్క కొలతలు పోయాయి.

"ఆంటీ, అంకుల్‌కి ఫోన్ చెయ్యండి. ఇప్పుడే."

శివ్‌కుమారి ఆమె మొహం చూసి ఏమీ అడగకుండా చేసింది. గోవింద్ ఫోన్ పలకలేదు. ప్రీతేశ్‌దీ అంతే. "ఆ లోయలో సిగ్నల్ ఎక్కడిది తల్లీ. సాయంత్రం కొండ దిగినాకే చేస్తారు. ఏమైంది?"

"నిన్న నేను చేసిన తూటాల్లో ఒకటి చెడ్డది ఉంది. ఏదో తెలీదు. ఎన్ని పట్టుకెళ్లారు?"

"ఒక డబ్బా. ఇంకోటి పెట్టెలోనే ఉన్నాది. తాళంచెవి ఆయన దగ్గర."

ఆ చెడ్డది వాళ్ల దగ్గర ఉండటానికి సగానికి సగం అవకాశం. హారిక అప్పటికే కారు దగ్గరికి పరిగెత్తుతోంది. శివ్‌కుమారి వీధిలోకి వచ్చి, "మెల్లగా పో! నువ్వు ఎక్కడో పడితే వాళ్లకి చెప్పేదెవరు?" అని అరిచింది.

లారెన్స్ ఊరు దాటాక పది పదిహేను కిలోమీటర్లకి ఆ ఫార్మ్ ఉంది. ఆమె రెండుసార్లు గోవింద్‌తో వెళ్లింది. మామూలుగా గంటన్నర పడుతుంది. ఈస్టర్ ట్రాఫిక్. మిల్టన్ దాకా ఒక కారవాన్ వెనక ఇరుక్కుంది. స్టీరింగ్ మీద వేళ్లు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. రేడియో పెట్టింది, కట్టేసింది. ప్రతి పది నిమిషాలకీ శివ్‌కుమారి ఫోన్. "పలకట్లేదు." "పలకట్లేదు." మిల్టన్ దగ్గర లోపలి రోడ్డుకి మళ్లాక దారి ఖాళీ అయింది. అప్పుడు భయం ఎక్కువైంది. కారవాన్ వెనక ఉన్నంతసేపూ తిట్టడానికి ఎవరో ఒకరున్నారు. ఇప్పుడు తను ఒక్కతే.

పోలీసులకి చెయ్యాలా అని ఆలోచించింది. లారెన్స్‌లో ఆగి చేసింది కూడా. అవతలి ఆమె శ్రద్ధగా విని, ఎవరికైనా గాయమైందా అని అడిగి, ఫార్మ్ చిరునామా రాసుకుని, దగ్గర్లో ఎవరైనా ఉంటే పంపిస్తామంది. తనే ముందు చేరుతుందని హారికకి అర్థమైంది.

ఫార్మ్ ఇంటి ముందు రెండు కుక్కలు మొరిగాయి. పొడుగ్గా, నెరిసిన జుట్టుతో ఉన్న ఇంటావిడ గమ్‌బూట్లతో బయటికొచ్చింది. హారిక చెప్పిందంతా విని, ఎక్కువ ప్రశ్నలు వెయ్యలేదు. షెడ్‌లోంచి మెరిసే నారింజరంగు కోటు తెచ్చి ఆమె మీదికి విసిరింది.

"ఇది వేసుకో. జింకల అరుపులకి మగాళ్లు చెవులు రిక్కించుకుని కూర్చుని ఉంటారు. గోధుమరంగు జాకెట్‌తో ఆ పొదల్లో దూరతావా? నీకేమైనా పిచ్చా?"

అంతవరకూ హారికకి తన ఒంటిమీద ఏ రంగు ఉందో కూడా తెలీదు.

ఆవిడ నాలుగు చక్రాల క్వాడ్ బైక్ మీద ఆమెని వెనక కూర్చోబెట్టుకుని గొర్రెల గట్లమీదుగా కొండ నడుము దాకా తీసుకెళ్లింది. అక్కడ గోవింద్ పాత టొయోటా ఆగి ఉంది. పైన మానుకా పొదలు, ఆ పైన అడవి. గాలి హోరుమంటోంది. ఆవిడ హారన్ మూడుసార్లు గట్టిగా కొట్టింది. ఆగి మళ్లీ మూడుసార్లు. గాలి ఆ చప్పుడుని కిందికే తోసేసింది.

అప్పుడే పైనుంచి ఒక పేలుడు వినబడింది. ఒకటే.

హారిక ఆవిడ భుజం పట్టుకుంది. "ఎలా ఉంది ఆ చప్పుడు? మామూలుగా ఉందా? ఎక్కువగా ఉందా?"

"ఈ గాలిలో ఏం చెప్తాం" అంది ఆవిడ. అని, "పరిగెత్తు. వెనకే వస్తున్నా" అంది.

మానుకా కొమ్మలు మొహానికి కొట్టుకుంటున్నాయి. హారిక అరుస్తూనే ఉంది. "అంకుల్! కాల్చకండి! అంకుల్!" వాగు దాటేటప్పుడు రాయిమీద జారి మోచేతి మీద పడింది. లేచింది. ఆస్పత్రిలో పనిచేసే మనిషి కాబట్టి, ఒద్దన్నా ఏవేవో గుర్తొస్తున్నాయి. కంటి గాయంతో వచ్చిన ఒకతని రక్తం నమూనాలు. చెయ్యి నలిగి వచ్చిన ఇంకొకతనివి. మనుషుల్ని ఆమె ఎప్పుడూ చూడదు, సీసాల మీది పేర్లే చూస్తుంది. ప్రీతేశ్ పేరు సీసా మీద ఉన్నట్టు కనబడింది.

"ఎవరది?" పైనుంచి గొంతు. గోవింద్ గొంతు.

చెట్ల మధ్య చిన్న చదును మీద ఇద్దరూ నిలబడి ఉన్నారు. ఇద్దరికీ మొహాలున్నాయి, చేతులున్నాయి. ముప్పై అడుగుల అవతల ఫాలో జాతి మగజింక ఒకటి పక్కకి ఒరిగి పడి ఉంది. ప్రీతేశ్ మొహం నిండా నవ్వు. రైఫిల్ ఇంకా అతని చేతిలోనే ఉంది.

"అది కింద పెట్టు" అంది హారిక రొప్పుతూ. "తూటాలు తీసెయ్. దాంట్లో ఒకటి... ఒకదాంట్లో రెండు కొలతలున్నాయి."

గోవింద్ కొడుకు చేతిలోంచి రైఫిల్ తీసుకుని, గొట్టం నేలవైపు తిప్పి, లివర్ లాగి లాగి ఐదు తూటాలూ గడ్డిమీద రాల్చాడు. వేళ్లతో తడిమి తడిమి ఏరుకున్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "చెప్పు."

ఆమె చెప్పింది. ఫోన్ సంగతి, టార్చి సంగతి, సీసాలో మిగిలిన తొమ్మిది కొలతల సంగతి. "మీరు అడిగితే చూశానన్నాను. చూడలేదు అంకుల్. అబద్ధం చెప్పాను."

ప్రీతేశ్ నవ్వు పోయింది. అతను ఇంగ్లీషులో అందుకున్నాడు. "నా చెంపకి ఆనించి పేల్చాను నేను! మూడు వేళ్ల దూరంలో నా కన్ను ఉంది! నీకు అర్థమవుతోందా?"

"అవుతోంది."

"అర్థమై చేశావా?" అని, ఊపిరి పీల్చుకుని తండ్రి వైపు తిరిగాడు. "మరి నువ్వేం చేస్తున్నావ్ డాడ్? చిన్నప్పుడు ప్రతి తూటా నువ్వు రెండుసార్లు చూస్తేగానీ నన్ను ముట్టుకోనిచ్చేవాడివి కాదు. అందుకే కదా నాకు విసుగొచ్చి మానేసింది. ఈ అమ్మాయి చూశానంటే నువ్వు వదిలేశావా?"

గోవింద్ రైఫిల్ పక్కన పెట్టాడు. జింక పక్కన కూర్చుండిపోయాడు. దాని మెడమీద చెయ్యి వేశాడు. గాలికి పైన కొమ్మలు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి.

"నాకు కనబడదు" అన్నాడు చివరికి.

"ఏం కనబడదు?"

"నడిమధ్యన. అంచులన్నీ కనబడతాయి. ఎక్కడ చూడాలని చూస్తే అక్కడ మసక. ఏడాదిగా ఉన్నాది. ఇప్పుడు తొడుగులో మందు ఎంతుందో టార్చి వేసినా తెలీదు. అందుకే ఈ బిడ్డని పొయ్యమన్నాను. అందుకే నిన్ను రమ్మన్నాను." ఆయన జింక వైపు చూపించాడు. చెయ్యి కాస్త పక్కకి పోయింది. "నువ్వు పేల్చినప్పుడు కూడా నేను చూడలేదు. పడినట్టు చప్పుడు విన్నాను."

 ఆ ఉదయమంతా గుట్టల మీద తండ్రి ఎందుకు తనని ముందు నడవమన్నాడో ప్రీతేశ్‌కి అప్పుడు తెలిసింది. హారికకీ తెలిసింది, నిన్న ఆ సంబరం తనకి ఎందుకు దక్కిందో.

"డాక్టర్‌కి చూపించావా?"

"చూపిస్తే లైసెన్సు అడుగుతారు. కారు లైసెన్సూ అడుగుతారు."

"పొద్దున కారు నువ్వే నడిపావు!" ప్రీతేశ్ దాదాపు అరిచాడు. "చీకట్లో!"

"తెలిసిన దారి కదా."

వెనకాలే వచ్చిన ఇంటావిడ ముగ్గుర్నీ మార్చి మార్చి చూసింది. ఆమెకి తెలుగు రాదు, అయినా ఎవరికీ దెబ్బ తగల్లేదని కళ్లకే కనబడింది. "సరే, ముందు ఈ జింక సంగతి చూడండి. ఈగలు ఆగవు" అంది. పోలీసులకి తను ఫోన్ చేసి చెప్తానని వెళ్లింది.

జింకని కోసి, మాంసం సంచుల్లోకి సర్ది, మోసుకుని కిందికి దిగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది.  టొయోటాని ప్రీతేశ్ నడిపాడు. హారిక వాళ్ల వెనకే తన కారులో వచ్చింది. ప్రమాదం తప్పిందని తెలిసినా ఒళ్లు తేలిక కాలేదు. మిల్టన్ మలుపు దగ్గర కారు పక్కకి ఆపి, దిగి, రోడ్డు అంచున అటూ ఇటూ పది నిమిషాలు నడిచింది. మళ్లీ ఎక్కింది.

ఆదివారం పొద్దున ముగ్గురూ గరాజ్‌లో కూర్చున్నారు. సుత్తిలా ఉండే ప్లాస్టిక్ పనిముట్టు ఒకటుంది. తూటాని దాంట్లో బిగించి సిమెంటు మీద కొడితే గుండూ మందూ విడిపోయి లోపలే పడతాయి. ప్రీతేశ్ కొట్టాడు. హారిక తూచింది. గోవింద్ కుర్చీలో కూర్చుని, ఆమె చెప్పిన ప్రతి అంకెనీ పైకి అన్నాడు. కొండకి తీసుకెళ్లిన డబ్బాలో పేలింది పోగా పంతొమ్మిది. పంతొమ్మిదీ సరిగ్గా ఉన్నాయి.

"సీసాలో కొలిచిందే తప్పేమో" అన్నాడు ప్రీతేశ్. నిన్నటి కోపం గొంతులో సగమే ఉంది.

"రెండో డబ్బా తెండి" అంది హారిక.

రెండో డబ్బాలో పదకొండోది. సుత్తి కొట్టి, మందు గిన్నెలోకి వంచగానే కంటికే తెలిసిపోయింది. మిగతావాటికి అడుగున ఒక పలచటి పొర పడేది. ఇది కుప్ప పడింది. త్రాసు మీద అంకె అంతకుముందుదానికి సరిగ్గా రెట్టింపు.

ప్రీతేశ్ ఆ గిన్నెని చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు, అదోరకంగా. "ఇంట్లోనే ఉంది. ఇనప్పెట్టెలో. నువ్వు అంత దూరం పరిగెత్తి రావాల్సిన పనే లేదు."

హారికకి నవ్వు రాలేదు. "పెట్టేటప్పుడు ఏ డబ్బాలో పడిందో ఎవరికీ తెలీదు కదా."

"రాకపోతే వచ్చే శనివారం నేను దాన్ని పేల్చేవాడిని" అన్నాడు గోవింద్. "లేకపోతే నువ్వు."

వంటింట్లోంచి శివ్‌కుమారి భోజనానికి పిలిచింది. సీసం పని చేసిన రోజు ఎవర్నైనా సరే మోచేతుల దాకా సబ్బుతో రెండుసార్లు కడుక్కోనిదే ఆమె లోపలికి రానివ్వదు. లవంగాలు, ఎండుమిర్చి వేసి జింక మాంసం వండింది. నలుగురూ కూర్చున్నారు. ప్రీతేశ్ తల్లికి అన్నీ చెప్పాడు, కళ్ల సంగతితో సహా.

ఆమె వడ్డిస్తూనే ఉంది. "నాకు తెలుసు."

"తెలుసా?" అన్నాడు గోవింద్.

"చాయ్ కప్పులో కాకుండా పక్కన పోస్తున్నావు మూడు నెలలుగా. నేను తుడుస్తున్నాను. నీవంతట నువ్వు చెప్తావేమో అని చూసినాను." గరిటె గిన్నెలో పెట్టింది.  "నేనూ తప్పే చేసినాను. కారు తాళాలు దాచేయాల్సింది."

గోవింద్ పళ్లెంలో అన్నం కలుపుతూ తల ఎత్తలేదు. "హారికా" అన్నాడు.

"చెప్పండి అంకుల్."

"ఆరు నెలలు మందు ముట్టకు."

"అలాగే."

"నామీద కోపంతో కాదు, నీమీద కోపంతో కాదు. చెయ్యి మళ్లీ కుదిరినాకే."

ఆమెకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. పక్కనుంచి ప్రీతేశ్ ఆమె పళ్లెంలోకి ఇంకో రెండు ముక్కలు వేశాడు. క్షమించానని అతను అనలేదు. "తిను. నువ్వు చేసిన తూటాతోనే పడింది ఇది" అన్నాడు.

ప్రీతేశ్ సోమవారం విమానం వదులుకున్నాడు. మంగళవారం తండ్రిని కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. కుడికన్ను పోయినట్టే అన్నారు, ఎడమకంటికి నెలనెలా ఇంజెక్షన్లు ఇస్తే ఉన్న చూపు నిలబడుతుందన్నారు. ఏడాది ముందు వచ్చి ఉంటే అనబోయి డాక్టర్ ఆపేసిందట. గోవింద్ రెండు లైసెన్సులూ తనే వెళ్లి ఇచ్చేశాడు. రైఫిల్ హారిక పేరుమీదికి మారింది. ఆమె తన ఫ్లాట్ గోడకి ఇనప్పెట్టె బిగించుకుని అందులో పెట్టింది గానీ, బయటికి తియ్యలేదు. ల్యాబ్‌లో మాత్రం పని నెమ్మదించింది. ప్రతి నమూనా పేరు రెండుసార్లు చదవడం, సరి చూసి పెట్టాక మళ్లీ వెనక్కి వెళ్లి చూడటం. పక్కనున్నవాళ్లు గమనించి ఏమైందని అడిగితే చెప్పేసింది. దాచలేదు.

నెలనెలా ఇంజెక్షన్ రోజున గోవింద్‌ని ఆస్పత్రికి తీసుకొచ్చేది ఆమే. గంట సేపు ఆ వెయిటింగ్ రూమ్‌లో కూర్చోలేక కారిడార్‌లో ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తూ ఉండేది. ఇంజెక్షన్ అయ్యాక గోవింద్ కంటికి కట్టుతో బయటికొచ్చి, చెయ్యి పట్టుకోనిచ్చేవాడు కాదు. ఇన్నేళ్లు మంచాలు తోసిన కారిడార్, నాకు దారి చూపిస్తావా అనేవాడు.

అక్టోబర్‌లో ఒకరోజు ఫోన్ చేశాడు. "ఆరు నెలలు అయినాయి."

"తెలుసు అంకుల్. చెయ్యి ఇంకా కుదరలేదు."

"నీకు పుట్టుకతోనే కుదురు లేదు. దానికోసం ఆగితే నేను పోతాను." అవతల నవ్వు వినబడింది. వెనకనుంచి శివ్‌కుమారి ఏదో కసిరింది. "శనివారం రా. ప్రీతేశ్ కూడా వస్తున్నాడు. లైసెన్సు పరీక్ష పాసైనాడంట. సీసం కరిగించి ఉంచుతాను."

"మీరు పొయ్యి వెలిగించకండి! నేను వచ్చాకే."

"సరే సరే. త్వరగా రా మరి."

శనివారం వాన పడుతోంది. హారిక ఎనిమిదింటికి వస్తానంది. ఏడున్నరకే గరాజ్ ముందు కారు ఆపింది.